షుగర్ పుండుకు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్: ఇంకో ట్యూబు కొనే ముందు

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వాళ్ల బాపుకు 61 ఏళ్లు, పద్నాలుగేళ్లుగా షుగర్. కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత పుండు పడి మూడు నెలలైంది. నొప్పి లేదు కాబట్టి రోజూ చేనుకు పోతూనే ఉన్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టిస్తున్నారు. బంధువు ఒకాయన చెబితే హన్మకొండలో గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రెండు ట్యూబులు కొని మూడు వారాలుగా రాస్తున్నారు. పుండు అంతే ఉంది. ఇంకో రెండు ట్యూబులు కొనాలా, పీఆర్‌పీ (సొంత నెత్తురులోని ప్లేట్‌లెట్లతో చేసే చికిత్స) చేయించాలా, చివరికి కాలు తీసేయాల్సి వస్తుందా అని ఇంట్లో అందరికీ టెన్షన్. మొన్నటి షుగర్ 260. పుండు ఫోటో కూడా పంపారు.

తమ్ముడూ, నేను జనరల్ సర్జన్‌ని. హన్మకొండలో చాలా ఏళ్లుగా ఎక్కువగా షుగర్ పాదాలే చూస్తున్నాను. సూటిగా చెప్తాను: ఇప్పుడు ఇంకో ట్యూబు కొనకండి. ఆ డబ్బుతో ఈ వారంలోనే బాపు కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో పరీక్ష చేయించండి, పాదం ఎక్స్‌రే తీయించండి, పుండు మీద బరువు పడకుండా ఏర్పాటు చేయించండి. జెల్ చెడ్డదని కాదు. అది పని చేయడానికి కావాల్సినవేవీ ఇంకా జరగలేదు.

గ్రోత్ ఫ్యాక్టర్లు బయటి నుంచి వచ్చిన వింత మందులేమీ కావు. మన ఒంట్లోనే తయారయ్యే ప్రోటీన్లు. దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు పీడీజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. అది తెల్లకణాలను, కొత్త కండను అల్లే ఫైబ్రోబ్లాస్ట్ కణాలను దెబ్బ దగ్గరికి రప్పిస్తుంది. ఈజీఎఫ్ అనే ఇంకో ప్రోటీన్ అంచుల్లో ఉన్న చర్మకణాలు పెరిగి పుండు మీదికి పాకేలా చేస్తుంది. వీఈజీఎఫ్ వల్ల కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. ఈజీఎఫ్‌ను కనిపెట్టిన స్టాన్లీ కోహెన్‌కు, నరాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్‌ను కనిపెట్టిన రీటా లెవీ మోంటాల్చినీకి కలిపి 1986లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ ప్రోటీన్లనే ల్యాబులో తయారుచేసి పుండు మీద రాస్తే మానుతుంది కదా అన్న ఆలోచన అలా మొదలైంది.

నెలల తరబడి మానని షుగర్ పుండులో ఈ ప్రోటీన్లు తక్కువగా ఉండటం ఒక్కటే సమస్య అయితే ట్యూబుతో పని అయిపోయేది. అలాంటి పుండులో ప్రోటీన్లను కోసేసే ఎంజైములు మామూలుకంటే చాలా ఎక్కువగా ఉంటాయి. పుండు మీద పాచిలా పేరుకుని కూర్చున్న క్రిముల పొర వాటిని ఇంకా పెంచుతుంది. మీరు పొద్దున రాసిన ఖరీదైన ప్రోటీన్‌లో చాలా భాగం పని మొదలుపెట్టకముందే ముక్కలైపోతుంది. అంచుల్లో ఉన్న కణాలు కూడా అలసిపోయి ఉంటాయి, ఎంత పిలిచినా పలకవు. దుక్కి దున్నకుండా ఎంత మంచి పత్తి గింజ వేసినా ఏం లాభమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఫోటో జాగ్రత్తగా చూశాను. పుండు చుట్టూ పసుపు కలిసిన తెల్లటి మందమైన గట్టు ఉంది చూశారా, అది ఆనెకాయ. మధ్యలో ఎర్రటి కండ అక్కడక్కడే ఉంది, మిగతాదంతా తడిసిన కాగితంలాంటి పాచి. మీరు రాసిన జెల్ ఆ పాచి మీదే ఉండిపోయింది. ఆనెకాయ అంచు లోపలికి మడతపడి ఉంది. చర్మం పాకి రావాల్సిన దారే అది. దాన్ని బ్లేడుతో శుభ్రంగా చెక్కి, చచ్చిన కండ తీసేసి, సన్నగా నెత్తురు చెమర్చే దాకా వెళ్లాలి. దీన్నే డెబ్రిడ్‌మెంట్ అంటారు. బాపుకు అక్కడ స్పర్శ లేదు కాబట్టి చాలాసార్లు మత్తు కూడా అవసరం పడదు. అయితే కాలికి రక్తం అందుతోందని తేలాకే లోతుగా చెక్కాలి. ఇంట్లో బ్లేడుతో గానీ, నెయిల్ కట్టర్‌తో గానీ మీరు మాత్రం ముట్టుకోవద్దు.

డెబ్రిడ్‌మెంట్‌కు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, పీడీజీఎఫ్ జెల్ మీద అమెరికాలో జరిగిన తొలి పరీక్షల్లోనే ఒక విషయం బయటపడింది. ఆ పరీక్షలు చాలా ఆసుపత్రుల్లో ఒకేసారి జరిగాయి. పుండును తరచుగా, శుభ్రంగా చెక్కిన ఆసుపత్రుల్లో ఎక్కువ మందికి మానింది. చెక్కడం అరుదుగా చేసిన చోట అదే జెల్‌తో ఫలితం తక్కువగా వచ్చింది. ఇది 1996లోనే అచ్చయింది. జెల్ రాసిచ్చి డెబ్రిడ్‌మెంట్ చేయకుండా పంపే చోట మీ డబ్బు వృథా అవుతోందని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఆనెకాయ తీసేశాక పుండు మునుపటికంటే పెద్దగా కనబడుతుంది. చాలామంది ఇళ్లల్లో అప్పుడే గొడవ మొదలవుతుంది, డాక్టర్ పుండును పెంచాడని. అది పెరగడం కాదు. కింద దాగి ఉన్న అసలు పుండు బయటపడటం. ఆ రోజు తీసుకున్న కొలతే అసలు కొలత.

ఇక రక్తం సంగతి. పాదం పైన ఒకచోట, చీలమండ లోపలి వైపు వెనకాల ఇంకోచోట నాడి కొట్టుకుంటుంది. డాక్టర్ ఆ రెండు చోట్లా వేలు పెట్టి చూడాలి. మూడు నెలలుగా ఎవరూ చూడలేదని మీరు రాశారు, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. నాడి అందకపోతే, లేదా అనుమానంగా ఉంటే చీలమండ దగ్గర బీపీ కొలిచి చేతి బీపీతో పోల్చే ఏబీఐ పరీక్ష, కాళ్ల రక్తనాళాల స్కాన్ (డాప్లర్) చేయించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడతాయి, నొక్కినా నొక్కుకోవు. అప్పుడు ఏబీఐ 1.3 దాటి చూపిస్తుంది. రిపోర్టు చూసి రక్తం బాగానే ఉందనుకుంటే మోసపోతాం. అలాంటప్పుడు కాలి బొటనవేలి దగ్గర పీడనం కొలిపించాలి. అది 30 మిల్లీమీటర్లకంటే తక్కువ ఉన్నా, చీలమండ పీడనం 50 కంటే తక్కువ ఉన్నా ఆలస్యం చేయకుండా రక్తనాళాల సర్జన్‌ను (వాస్కులర్ సర్జన్) కలవాలి. మూసుకుపోయిన నాళాన్ని బెలూన్‌తో తెరిచినా, బైపాస్ చేసినా, రక్తం దిగిన తర్వాతే పుండు కదులుతుంది. రక్తం అందని కాలికి ఏ జెల్ రాసినా మానదు. అందుకే పీడీజీఎఫ్ జెల్ అనుమతి పత్రంలోనే రక్తప్రసరణ తగినంత ఉన్న పుండ్లకు అని స్పష్టంగా రాసి ఉంటుంది.

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రిలో సర్జికల్ ఓపీకి తీసుకుపోయి మొదటి పరీక్ష చేయించవచ్చు. రక్తనాళాలు మూసుకుపోయాయని తేలితే హైదరాబాద్ నిమ్స్‌లో వాస్కులర్ సర్జరీ విభాగం ఉంది. యాంజియోప్లాస్టీ ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందా అన్నది ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి. బాపుకు బీడీ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ రోజే ఆపించండి. ఒక్క బీడీ కూడా వద్దు. బెలూన్‌తో నాళం తెరిపించుకుని, పొగతో మళ్లీ ముడుచుకుపోయేలా చేసుకున్నవాళ్లను మా దగ్గర తరచూ చూస్తుంటాం.

ఎముక గురించి కూడా చూడాలి. మొనలేని సన్నటి స్టీలు పుల్లతో పుండు లోపల తడిమి చూసినప్పుడు గట్టిగా ఎముక తగిలితే, ఎముకకు చీము పట్టి ఉండవచ్చన్న అనుమానం బలపడుతుంది. ఎక్స్‌రేలో ఆ మార్పు కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి మొదటి ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండలేం. ఎముక చెడితే ఆ భాగం తీసేయాలి, లేదా సరైన యాంటీబయాటిక్ వారాల తరబడి, సాధారణంగా ఆరు వారాలు వాడాలి. కింద చెడిన ఎముకను వదిలేసి పైన గ్రోత్ ఫ్యాక్టర్ రాస్తే పైకి మూసుకున్నట్టే కనిపించి మళ్లీ పగులుతుంది. ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు కూడా పైపైన దూదితో తుడిచి పంపితే లాభం లేదు, శుభ్రం చేశాక లోపలి నుంచి చిన్న కండ ముక్క తీసి పంపాలి. ఇంకో మాట: చీము, వాపు, ఎరుపు లేని పుండుకు యాంటీబయాటిక్ మాత్రలు మింగించడం వల్ల పుండు తొందరగా మానదు.

అసలు బాపు పుండు ఎందుకు పడింది? అది పడిన చోటే సమాధానం చెబుతోంది. బొటనవేలి మొదట్లో, నడిచేటప్పుడు ఒంటి బరువంతా పడి తోసుకునే చోట. షుగర్ వల్ల నరాలు చచ్చుబడి స్పర్శ పోయింది. పది గ్రాముల బరువుతో వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనించి, తెలుస్తోందా అని అడిగితే బాపు తెలియడం లేదనే అంటాడు. స్పర్శ ఉన్నవాళ్లకు చిన్న బొబ్బ వచ్చినా కుంటుతారు, కాలు వేరేగా వేస్తారు. బాపు పుండు మీదే అడుగు వేస్తూ చేనంతా తిరుగుతున్నాడు. నొప్పి లేకపోవడం మంచిదని మీరు రాశారు. ఇక్కడ అది మంచిది కాదు. పత్తి ఏరే రోజుల్లో ఒక మనిషి ఎన్ని అడుగులు వేస్తాడో ఆలోచించండి. అడుగడుగుకూ కొత్త కండ నలుగుతోంది. రాత్రంతా అల్లుకున్నది పగలంతా చితికిపోతోంది.

కాబట్టి వైద్యంలో అన్నిటికంటే ముఖ్యమైన పని పుండు మీది బరువు తప్పించడం, మేం ఆఫ్‌లోడింగ్ అంటాం. అరికాలి పుండుకు మొదటి ఎంపిక మోకాలి కింది దాకా వేసే, రోగి తనంతట తాను విప్పలేని కట్టు. దాన్ని టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. చూడ్డానికి ఎముక విరిగినప్పుడు వేసే సిమెంటు కట్టులాగే ఉంటుంది, కానీ పాదానికి, పిక్కకు అంతటా ఒత్తుకుని బరువును పంచుతుంది. మొదట్లో వారానికోసారి విప్పి, పుండు చూసి, మళ్లీ వేస్తారు. ఇది కొత్త సంగతి కాదు. కుష్ఠు రోగుల అరికాలి పుండ్లకు వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ లాంటివాళ్లు ఈ కట్టును ప్రచారంలోకి తెచ్చారు. స్పర్శ పోయిన పాదం కుష్ఠు వల్ల అయినా షుగర్ వల్ల అయినా ఒకే తీరుగా పగులుతుందని వాళ్ల పని వల్లే అందరికీ అర్థమైంది. ఇంత చవకైన కట్టు ఇంత బాగా పనిచేస్తుంటే, వేల రూపాయల ట్యూబుకు ఉన్న గిరాకీ దీనికి లేకపోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

విప్పదగిన బూటు ఇస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో రోగుల బూట్లకు, నడుముకు అడుగులు లెక్కపెట్టే పరికరాలు పెట్టి చూశారు. రోజు మొత్తం వేసిన అడుగుల్లో 28 శాతం మాత్రమే ఆ బూటు వేసుకుని వేశారు. మిగతావన్నీ బూటు లేకుండా వేసినవే. చెప్పు వేసుకోకుండా బాత్‌రూంకు పోయే నాలుగడుగులు, రాత్రి మంచినీళ్లకు లేచి వేసే నాలుగడుగులు కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే విప్పలేనిదే మేలు. కాలికి రక్తం బాగా తక్కువగా అందుతున్నా, ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నా ఆ కట్టు వేయకూడదు, ముందు వాటిని సరిచేయాలి. కట్టు వేసేవాళ్లు దగ్గర్లో దొరకకపోతే ఫెల్ట్ ఫోమ్ అనే మెత్తటి ప్యాడ్‌ను పాదానికి అతికించి, దానికి తగ్గ చెప్పు ఇప్పించమని అడగండి. అదీ కుదిరేదాకా బాపును కర్ర సాయంతో, వీలైనంత తక్కువ నడిపించండి. ఈ రెండు మూడు నెలలు చేను పని ఇంకొకరు చూడాలి. ఇది చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు. కూలీకి మనిషిని పెడితే ఖర్చు, పెట్టకపోతే పంట. అయినా లెక్క వేసి చూడండి, రెండు ట్యూబుల డబ్బుతో కొన్ని రోజుల కూలీ వస్తుంది. ఆ డబ్బు అక్కడ పెడితేనే పుండుకు ఎక్కువ మేలు.

ఇవన్నీ మొదలుపెట్టాక పుండును కొలవండి. స్కేలు పక్కన పెట్టి, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి వారానికోసారి ఫోటో తీయండి. ఎక్కువ పొడవున్న చోట ఒక కొలత, దానికి అడ్డంగా ఒక కొలత, రెండూ గుణించండి. ఉదాహరణకు ఆనెకాయ తీసిన రోజు 2.4, 2 సెంటీమీటర్లు ఉంటే 4.8. నాలుగు వారాల తర్వాత 1.6, 1.4 ఉంటే 2.24. అంటే సగానికంటే తగ్గింది, మంచి దారిలో ఉన్నట్టు. 2003లోనే వచ్చిన ఇంకో అధ్యయనంలో నాలుగు వారాలకు పుండు సుమారు సగానికి తగ్గినవాళ్లలో 58 శాతం మందికి 12 వారాల్లో పూర్తిగా మానింది. అంత తగ్గనివాళ్లలో 9 శాతం మందికే మానింది. ఈ ఒక్క లెక్క తెలిస్తే మూడు నెలల పాటు అదే కట్టు కట్టించుకుంటూ కూర్చోరు. నాలుగు వారాలకు సగం తగ్గలేదంటే ఏదో ఒకటి తప్పిందని అర్థం: రక్తమో, ఎముకో, బరువో, షుగరో. మళ్లీ మొదటి నుంచి చూడాలి.

అలా చూసి, రక్తం బాగుండి, ఎముక బాగుండి, పాచి లేకుండా ఎర్రటి కండ ఉండి, బరువు నిజంగా తప్పించినా పుండు కదలకుండా మొండికేస్తే, అప్పుడు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ మాట వస్తుంది. అక్కడ దాన్ని నేను వాడతాను. ఎంత ఆశ పెట్టుకోవాలో కూడా చెప్తాను. పీడీజీఎఫ్ జెల్ అసలు పేరు బెకాప్లెర్మిన్. 1997 డిసెంబరులో రెగ్రానెక్స్ పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దేశంలో డాక్టర్ రెడ్డీస్ దాన్ని ప్లెర్మిన్ పేరుతో తెచ్చింది. 1998లో అచ్చయిన పరీక్షలో 382 మంది పాల్గొన్నారు. 20 వారాల్లో ఈ జెల్ రాసినవాళ్లలో 50 శాతం మందికి, మందు లేని ఉత్త జెల్ రాసినవాళ్లలో 35 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. తేడా నిజమే. కానీ అదే లెక్కను ఇంకో వైపు నుంచి చూడండి. మందు వాడినా సగం మందికి మానలేదు, వాడకపోయినా మూడో వంతు మందికి మంచి కట్టు, మంచి శుభ్రంతోనే మానింది. తర్వాతి పరీక్షల్లో కొన్నిటిలో ఇంత తేడా కనిపించలేదు కూడా.

రెండో రకం ఈజీఎఫ్ జెల్. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసే రీజెన్-డి ఈ రకందే. మీరు కొన్నది ఈ రెండింటిలో ఏదో పెట్టె మీద చూడండి, రాసే పద్ధతి వేరుగా ఉంటుంది. షుగర్ పాదాల మీద అంతర్జాతీయ నిపుణుల బృందం ఐడబ్ల్యూజీడీఎఫ్ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మామూలు చికిత్సకు తోడుగా గ్రోత్ ఫ్యాక్టర్లు వాడవద్దనే సూచించింది. ఆధారాలు బలంగా లేవన్నది వాళ్ల కారణం. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. అందుకే అందరికీ రాయను. ఎవరికైనా రాసినప్పుడు కూడా నాలుగు వారాల గడువు పెట్టి, కొలత తగ్గకపోతే ఆపేస్తాను. డబ్బుకు ఇబ్బంది ఉన్న ఇంట్లో ఇది లేకుండానే చికిత్స నడుపుతాను, అందులో రోగికి పెద్దగా నష్టమేమీ జరగదు.

మీ దగ్గర మిగిలిన జెల్ ఉంది కాబట్టి, మీ డాక్టర్ పుండు శుభ్రం చేశాక వాడమంటే ఎలా వాడాలో చెప్తాను. దాన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టే పెట్టెలో పెట్టకూడదు. మే నెల ఎండలో బస్సులో సంచిలో వేసుకుని ఊరికి తెచ్చిన ట్యూబులో మందు ఎంత మిగిలి ఉంటుందో చెప్పలేం. షాపులోనే ఐస్ ప్యాక్‌తో కట్టించుకోండి, ట్యూబుకు ఐస్ నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టించండి. ముందు చేతులు కడుక్కుని, పుండును సెలైన్‌తో కడగండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయకండి, అవి కొత్త కణాలను కూడా చంపేస్తాయి. ట్యూబు మూతి పుండుకు తగలకూడదు. శుభ్రమైన పుల్లతో గానీ దూది పుల్లతో గానీ సన్నటి పొరలా రాయాలి. మందంగా మెత్తితే తొందరగా మానుతుందనుకోవద్దు. 15 గ్రాముల బెకాప్లెర్మిన్ ట్యూబుకు లెక్క ఇలా చెబుతారు: పుండు పొడవును వెడల్పుతో గుణించి నాలుగుతో భాగిస్తే వచ్చినన్ని సెంటీమీటర్ల జెల్. 2 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పుండుకు ఒక్క సెంటీమీటర్ చాలు. ట్యూబు సైజు వేరైతే లెక్క మారుతుంది, పెట్టెలోని కాగితం చూడండి. సెలైన్‌తో తడిపి పిండిన గాజ్ గుడ్డ (కట్టు గుడ్డ) కప్పి, సుమారు 12 గంటల తర్వాత జెల్ కడిగేసి, మిగతా 12 గంటలు జెల్ లేకుండా తడి గాజ్ గుడ్డతోనే ఉంచాలి. అంటే రోజుకు ఒక్కసారే. ఈజీఎఫ్ జెల్ అయితే సాధారణంగా రోజుకు రెండుసార్లు రాయమంటారు.

విప్పలేని కట్టు వేస్తే రోజూ జెల్ రాయడం కుదరదు కదా అని మీకు అనుమానం రావాలి. నిజమే, కుదరదు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే బాపు లాంటి పుండుకు నేను కట్టునే ఎంచుకుంటాను.

ఈ జెల్ వల్ల క్యాన్సర్ వస్తుందట కదా అని కూడా కొందరు భయపెడతారు. మూడు లేదా అంతకంటే ఎక్కువ ట్యూబులు వాడినవాళ్లలో క్యాన్సర్ మరణాలు ఎక్కువ కనిపించాయన్న సమాచారంతో అమెరికా ఔషధ సంస్థ 2008లో పెట్టె మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. తర్వాత వచ్చిన సమాచారం చూసి 2018లో ఆ పెట్టె హెచ్చరికను తీసేసింది. అయినా రాసే చోట క్యాన్సర్ ఉంటే వాడకూడదు. ఎంతకీ మానని, అంచులు లేచి గడ్డలా పెరిగే పుండు అయితే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాకే ఏ జెల్ అయినా.

పీఆర్‌పీ సంగతి. రోగి సొంత నెత్తురు తీసి, గిర్రున తిప్పే యంత్రంలో వేసి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి పుండుకు వాడతారు. అందులో పీడీజీఎఫ్‌తో పాటు చాలా గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. ఒక్కో క్లినిక్‌లో తయారుచేసే పద్ధతి ఒక్కోలా ఉండటంతో ఫలితాలూ అలాగే ఉంటాయి. ఈ కోవలో బలమైన ఆధారం ఉన్నది తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, నెత్తురు గడ్డలో ఉండే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ కలిపి బిళ్లలా చేసి వారానికోసారి పుండు మీద పరిచే పద్ధతికి. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్లలో చేసి 2018లో అచ్చువేసిన పరీక్షలో 20 వారాలకు ఆ బిళ్ల వాడినవాళ్లలో 34 శాతం, వాడనివాళ్లలో 22 శాతం మందికి మానింది. వాళ్లు కూడా ముందు నాలుగు వారాలు మామూలు చికిత్స చేసి, దానికి లొంగని పుండ్లకే వాడారు. క్యూబాలో 2006 నుంచి ఈజీఎఫ్‌ను పుండులోకే ఇంజెక్షన్‌గా వారానికి మూడుసార్లు ఇస్తున్నారు. బంధువులు చెప్పే ఇంజెక్షన్ కబుర్లకు మూలం అదే అయి ఉంటుంది. బాపుకు ఇప్పుడు వీటిలో దేనికీ తొందర లేదు.

షుగర్ 260 అంటే ఇన్సులిన్ అవసరం పడవచ్చు. ఇన్సులిన్ మొదలుపెడితే జీవితాంతం వదలదన్న భయంతో వద్దనకండి. పుండు మానేదాకా వాడి తర్వాత మాత్రలకు మారినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఇక తిండి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, మాంసం పుండుకు పడవని మన దగ్గర మానిపిస్తారు. కొత్త కండ పుట్టేది ప్రోటీన్‌తోనే. గంజి, పచ్చిపులుసు అన్నంతో నెలలు గడిపిన మనిషికి ఏ మందూ పనిచేయదు. కిడ్నీ పరీక్ష బాగుంటే పప్పు, గుడ్డు, చేప, పెరుగు రోజూ పెట్టండి. కిడ్నీ దెబ్బతింటే ఎంత పెట్టాలో డాక్టర్‌ను అడగండి. పసర్లు, పసుపు, బూడిద పుండులో పెట్టవద్దు.

కాలు తీస్తారేమో అన్న భయానికి జవాబు. మీరు చెప్పినదాన్ని బట్టి, ఫోటోను బట్టి ఇప్పుడు ఆ పరిస్థితి కనిపించడం లేదు. చెడిన చిన్న ఎముకను, అవసరమైతే ఒక వేలిని తీసి మిగతా పాదాన్ని కాపాడటం వేరు, మోకాలి దగ్గర తీయడం వేరు. మొదటిదానికి భయపడి ఆసుపత్రికి రాకుండా ఆలస్యం చేసినవాళ్లే రెండోదాకా వెళ్తున్నారు. పాదం ఎర్రబడి వేడిగా వాచినా, ఎరుపు పుండు అంచు దాటి రెండు సెంటీమీటర్లకు మించి పాకినా, కుళ్లు వాసన వచ్చినా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా, ఉన్నట్టుండి షుగర్ పెరిగిపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకుపోండి. అప్పుడు నాలుగు వారాలు కొలిచి చూద్దాం అన్న లెక్క వర్తించదు.

పుండు మూసుకున్నాక కూడా పని ఉంది. మానిన పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాదిలోపు తిరగబెడతాయి. అరికాలికి మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు కొలిపించి చేయించండి, ఇంట్లో కూడా అవే వేయాలి. నాట్ల సమయంలో బురదలోకి దిగవద్దు. సమ్మక్క జాతరకో, ఐనవోలుకో పోతే వట్టి కాళ్లతో నడవనివ్వకండి, వేడి నేల మీద కాలు బొబ్బలెక్కినా బాపుకు తెలియదు. ఆనెకాయ మళ్లీ కాస్తుంటే నెలకో రెండు నెలలకో వచ్చి చెక్కించుకోవాలి. ఎడమ కాలును ఈ మూడు నెలల్లో ఎవరైనా చూశారా? కుడి కాలును కాపాడుకోవడానికి బరువంతా దాని మీదే వేస్తుంటాడు. ఈ రోజు సాయంత్రమే బాపును కూర్చోబెట్టి, ఎడమ అరికాలు, వేళ్ల సందులు, మడమ పగుళ్లు వెలుతురులో చూడండి. చిన్న ఆనెకాయ కనిపించినా, ఎర్రటి మచ్చ కనిపించినా రెండు కాళ్లూ ఒకేసారి డాక్టర్‌కు చూపించండి.